జరగని ఆరు పోటీలు

సెలూన్‌లో కుర్చీ ఖాళీ ఉన్నా లేకపోయినా పట్టీల మేస్త్రి పదకొండు కొట్టేసరికి అక్కడ హాజరు. గడ్డం గీయించుకోవడానికి కాదు. అతని గడ్డం వారానికి నాలుగు వెంట్రుకలు పెరిగితే అదే ఎక్కువ. అతను వచ్చేది బాక్సింగ్ పోటీల గురించి చెప్పడానికి. అవి కూడా జరిగినవి కాదు. జరిగినవాటి గురించి ఎవడైనా చెబుతాడు, పాత పేపరు తిరగేస్తే చాలు. ఎన్నడూ జరగని పోటీలను రౌండు రౌండుగా, చెమట చుక్కతో సహా చెప్పగలిగినవాడు ఆ చుట్టుపక్కల మేస్త్రి ఒక్కడే.

మేస్త్రి అంటే గోడలు కట్టేవాడని అనుకునేరు. అతను కట్టింది చేతులకు. బాక్సరు గ్లవ్స్ తొడుక్కునే ముందు పిడికిలి చుట్టూ గాజుగుడ్డ చుట్టి, వేళ్ళ సందుల్లోంచి టేపు తిప్పి, సన్నటి ఎముకలు చిట్లిపోకుండా బిగించే పని. మరీ వదులైతే వేలు విరుగుతుంది. మరీ బిగువైతే రక్తం ఆగి చెయ్యి వాస్తుంది. ఆ రెండింటి మధ్య ఉన్న వెంట్రుకవాసి తేడా మీద ఇరవై రెండేళ్ళు బతికాడు.

అతని కాలంలో మిడిల్ వెయిట్‌లో, అంటే డెబ్బై రెండున్నర కిలోల బరువులో, ఒకేసారి నలుగురు మొనగాళ్ళు పుట్టుకొచ్చారు. తరానికి ఒకడు దొరికితేనే గొప్ప, అలాంటిది నలుగురు. మాంసం కొట్టు నుంచి వచ్చిన కసాయి. అతను కొడితే అవతలివాడు సొంత ఇంటి అడ్రసు మర్చిపోయేవాడు. ఎడమచేతివాటం టైలర్, ఆ చెయ్యి ఎప్పుడు బయల్దేరిందో ఎప్పుడు వెనక్కొచ్చిందో చూసినవాడు లేడు, తగిలినవాడు చెబితే నమ్మడమే. నోరు విప్పని మౌని. ఎనిమిదేళ్ళలో విలేకరులతో అతను మాట్లాడిన మాటలు పదకొండు, అందులో నాలుగు ‘ఊఁ’లే. నాలుగోవాడు పిడుగు. ఈ పిడుగు మేస్త్రికి సొంత బావ, అక్క మొగుడు.

నలుగురూ ఒకరితో ఒకరు తలపడాలంటే ఆరు పోటీలు జరగాలి. ఒక్కటీ జరగలేదు. నాలుగు సంఘాలు నాలుగు బెల్టులు చేయించి నలుగురి నడుములకూ తగిలించాయి. ఓడినవాడి బెల్టు పోతుంది, బెల్టు పోతే వాడి వెనకున్న పెద్దమనుషుల పెత్తనం పోతుంది. అందుకని తేదీ కుదిరితే హాలు కుదరదు. హాలు కుదిరితే రిఫరీ నచ్చడు. అన్నీ కుదిరితే పోస్టరు మీద ఎవరి బొమ్మ పైన వెయ్యాలని తగువు. ఆ తగువు తెగేలోపు కసాయి ఒళ్ళు చేసి పై తరగతికి వెళ్ళిపోయాడు, టైలర్‌కి ఒక కన్ను పోయింది.

“కసాయికీ టైలర్‌కీ పడుంటే ఏమయ్యేది మేస్త్రీ?” అని సెలూన్ ఆయన కత్తెర ఆడిస్తూ ఎగదోశాడు.

“ఏమయ్యేదేంటి, అయింది. ఏడో రౌండు. టైలర్ ఎడమచెయ్యి ఇలా విసిరాడు. కసాయి మొహం మీది చెమట లేచి వెళ్ళి మూడో వరసలో ఓ పెద్దాయన బట్టతల మీద పడింది. ఆయన వాన మొదలైందనుకుని గొడుగు తెరిచాడు. ఆ గొడుగు అడ్డమొచ్చి వెనకున్న నాలుగు వరసలవాళ్ళకి కసాయి పడిపోవడం కనపళ్ళేదు. ఇప్పటికీ వాళ్ళు కసాయే గెలిచాడని కొట్లాడతారు.”

“హాల్లోకి గొడుగెందుకు తెచ్చుకున్నాడు?”

“ముందు నీ పని చూసుకోవయ్యా, ఆయన చెవి కోసేట్టున్నావు.”

కుర్చీలో ఉన్నాయన సబ్బు నురగలోంచే నవ్వాడు. “మరి పిడుగు, మౌని? వాళ్ళిద్దరి పోటీ సంగతేంటి?”

మేస్త్రి గోడ గడియారం వైపు చూశాడు. “అది ఇంకోసారి. అక్క ఎదురు చూస్తుంటుంది.”

అయిదు పోటీలు వంద రకాలుగా చెప్పాడు గానీ, ఆరోది మాత్రం అక్కడ ఎప్పుడూ చెప్పలేదు.

అక్క ఇల్లు మూడో అంతస్తులో. తలుపు తోస్తే ముందుగది, గదిలో ఇనప మంచం, మంచం అంచున బావ. పొద్దుట్నుంచీ అలాగే కూర్చుంటాడు, రెండు చేతులూ మోకాళ్ళ మీద బోర్లా పెట్టుకుని. అరవై రెండేళ్ళు. ఆ చేతులు వణకని క్షణం లేదు. ఏళ్ళ తరబడి తల మీద తిన్న దెబ్బలు లోపల ఏదో కదిపేశాయని, అది ఇక కుదురుకోదని డాక్టరు ఎప్పుడో చెప్పేశాడు.

“వచ్చావా బామ్మర్దీ. ఇంత ఆలస్యమా? మౌనిగాడు ఈపాటికి హాలుకి వచ్చేసుంటాడు.”

“వస్తే రానీ బావా. ముందొచ్చి మాత్రం వాడేం మాట్లాడి చస్తాడు?”

బావ పకపకా నవ్వాడు. అంతవరకూ బాగానే ఉంటుంది. రోజూ ఇదే. బావ లెక్కలో మౌనితో పోటీ ప్రతిరోజూ ఈ రోజే. మేస్త్రి స్టూలు లాక్కుని కూర్చుని పట్టీలు కడతాడు. కడుతున్నంతసేపూ ఆ చేతులు నిద్రపోయే పసిపిల్లల్లా కుదురుగా ఉంటాయి. అందుకే మొదట్లో అక్క కూడా కాదనలేదు. చిక్కంతా అన్నం దగ్గర వచ్చి పడింది.

“రెండు ముద్దలు తినండి. రెండంటే రెండే,” అక్క కంచం పట్టుకుని నిలబడింది.

“బరువు తూచలేదింకా. అరకిలో ఎక్కువున్నాను.”

“ఎక్కడున్నారండీ ఎక్కువ? ఆ చొక్కా చూడండి, కొయ్యకి తగిలించినట్టుంది.”

“నీకు తెలీదు. ఊరుకో.”

వయసులో ఉన్నప్పుడు డెబ్బై రెండున్నరకు దిగడానికి ఎలా కడుపు మాడ్చుకునేవాడో ఇప్పుడూ అలాగే. నీళ్ళు పుక్కిలించి ఉమ్మేస్తాడే గానీ మింగడు. బలవంతాన పెడితే దవడలో దాచి, అక్క అటు తిరగ్గానే కిటికీలోంచి పారేస్తాడు. ఆస్పత్రిలో నిలబెట్టి తూస్తే యాభై ఒక్క కిలో. ఇంకో నెల ఇలాగే సాగితే మనిషి దక్కడని డాక్టరు అక్కను పక్కకు పిలిచి చెప్పాడు.

పోటీ అయిపోయిందని నమ్మితే తింటాడు. నమ్మించడం మేస్త్రికి ఓ లెక్కా అనుకున్నారు ఇద్దరూ. ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం మేస్త్రి గొంతు సవరించుకుని ఆరో పోటీ ఎత్తుకున్నాడు. “బావా, అయిపోయింది, నువ్వే గెలిచావు. ఎనిమిదో రౌండు. మౌనిగాడు పడిన అదురుకి హాలు బయట సైకిళ్ళన్నీ వరసగా పడిపోయాయి. పడుతూ ‘అమ్మా’ అన్నాడు. ఆ ఒక్క మాట రాసుకోవడానికి విలేకరులు ఒకళ్ళ కాళ్ళు ఒకళ్ళు తొక్కుకున్నారు.”

బావ శ్రద్ధగా విన్నాడు. తరవాత టేపు పళ్ళతో లాగి, గాజుగుడ్డ విప్పి, పిడికిళ్ళు వెలుగులో తిప్పి చూసుకున్నాడు.

“వాపేదిరా? వాణ్ణి ఎనిమిది రౌండ్లు కొట్టిన చేతికి వాపుండదా? పైగా సంతకమేది?”

ఆ సంతకం సంగతి చెప్పాలి. పోటీకి ముందు అవతలి పక్షం మనిషి ఒకడు వచ్చి, దగ్గర నిలబడి, పట్టీలు కట్టడం చూస్తాడు. లోపల ఇనప ముక్కలాంటిదేదీ దాచలేదని తేలాక మణికట్టు దగ్గర టేపు మీద పెన్నుతో సంతకం పెడతాడు. ఆ సంతకం లేని చేతికి గ్లవ్స్ ఎక్కవు. బావ తన పెళ్ళి మర్చిపోయాడు, ఉంటున్న వీధి మర్చిపోయాడు. ఇది మాత్రం మర్చిపోలేదు. మేస్త్రి మర్నాడు దొంగ సంతకం గీకి చూశాడు. “ఇది నీ రాతేరా దొంగా,” అని బావ మొహం మీదే చెప్పాడు.

అక్క అతన్ని వంటింట్లోకి పిలిచింది. “ఆ మౌని ఉన్నాడా, పోయాడా?”

“ఉన్నాడు. ఊరి చివర లారీల కాటా దగ్గర పని.”

“వెళ్ళి పిలుచుకురా. వచ్చి ‘నేను ఓడిపోయాను’ అని ఒక్క మాట అనమను. ఈయన నమ్మితే వాణ్ణే నమ్మాలి.”

“వాడు రాడక్కా.”

“కాళ్ళు పట్టుకో. నీ బావ కోసం ఆమాత్రం చెయ్యలేవా? ఏంట్రా, మొహం అలా పెట్టావు?”

“ఏం లేదు. వెళ్తాలే.”

బస్సులో కిటికీ పక్క సీటు దొరికినా మేస్త్రి బయటికి చూడలేదు. ఆ పోటీ ఎందుకు జరగలేదో ప్రపంచంలో తెలిసినవాడు అతనొక్కడే. మిగతా అయిదింటినీ పెద్దమనుషులు చెడగొట్టారు. ఆరోదాన్ని చెడగొట్టింది మేస్త్రి.

ఇరవై ఎనిమిదేళ్ళ కిందట పోస్టర్లు కూడా పడ్డాయి. పోటీ పది రోజుల్లో ఉందనగా, సాధనకు ముందు మేస్త్రి బావ ఎడమచేతికి కట్టు పూర్తిచేసి “రెండోది ఇవ్వు” అన్నాడు. బావ మళ్ళీ ఎడమదే చాపాడు. పరాకు అనుకున్నాడు. మర్నాడూ అంతే. మూడోనాడూ అంతే. చేతులు పట్టుకుని కూర్చునేవాడు తప్ప ఇంకెవరూ కనిపెట్టలేని సంగతి అది. తలలో ఏదో జారిపోతోందని మేస్త్రికి ఆ రోజే అర్థమైంది. మౌని చేతుల్లో పడితే ఈ మనిషి లేవడని కూడా అర్థమైంది.

చెప్పాల్సింది అదే. కానీ తల అని చెబితే బాక్సరు బతుకు అక్కడితో ఆఖరు. చెయ్యి అని చెబితే రెండు నెలల సెలవు. అక్క మొహమూ బావ మొహమూ కళ్ళ ముందు ఆడాయి. ఆ రెండు మొహాల మధ్య మేస్త్రి ధైర్యం నీరుగారిపోయింది. మణికట్టుకు ఆసరా అని చెప్పి మూడు రోజులు లోపలి చుట్టు బిగించి కట్టాడు. చెయ్యి రొట్టెలా పొంగింది. ఎముక చిట్లిందని తనే అన్నాడు, వేరెవరిదో పాత ఎక్స్‌రే తెచ్చి సంఘంవాళ్ళకు చూపించాడు. పోటీ రద్దయింది. ఈలోగా బావ తనంతట తనే ఆట మీద విసుగు పుట్టి మానేస్తాడని ఆశ.

బావ మానలేదు. రెండు నెలలకు చెయ్యి మామూలైంది. చెయ్యి చూసిన డాక్టరు చెయ్యి బాగుందనే సర్టిఫికెట్ ఇచ్చాడు, తల సంగతి ఆయన్ని అడిగినవాడు లేడు. మౌని పక్షం మొహం తిప్పుకుంది. వాళ్ళను మళ్ళీ ఒప్పించాలంటే తన సత్తా చూపించాలని బావ రెండేళ్ళలో పదకొండు పోటీలు ఆడాడు, ఉడుకునెత్తురు కుర్రకారుతో, ఊరూపేరూ లేని హాళ్ళలో. మౌని ఒక్కడు కొట్టగలిగినదానికి పదింతలు వాళ్ళు కొట్టారు. ఆ పదకొండింటికీ చేతులకు పట్టీలు కట్టింది మేస్త్రే.

కాటా గదిలో ఒక బల్ల, ఒక కిటికీ, అంకెలు వెలిగే డబ్బా. ఒకప్పుడు తన బరువు గ్రాముల్లో చూసుకున్న మౌని ఇప్పుడు లారీల బరువు టన్నుల్లో చూస్తున్నాడు. జుట్టు పోయింది గానీ వెన్ను వంగలేదు.

“గుర్తుపట్టావా అన్నా?”

“ఊఁ.”

మేస్త్రి అంతా చెప్పాడు, చెప్పకూడనిది తప్ప. మౌని ఒక లారీని పంపించి, ఇంకోదాన్ని పిలిచి, దాన్నీ పంపించాక నోరు విప్పాడు.

“నేను వాడితో ఓడిపోలేదు.”

“గెలవనూ లేదు కదన్నా. ఒక్క మాట. మనిషి బతుకుతాడు.”

“ఇక్కడికొచ్చే ప్రతి డ్రైవరూ అడుగుతాడు, పిడుగు నిన్ను కొట్టేవాడా, నువ్వు వాణ్ణి కొట్టేవాడివా అని. ఏం చెప్పను? చెయ్యి విరిగిందన్నాడు. రెండు నెలలు తిరిగేసరికి ఆ చేత్తోనే ఇంకొకణ్ణి కొడుతున్నాడు. నాకు భయపడ్డాడా? నేను వాడి కంటికి ఆననా? అదొక్కటి తెలీక నాకు ఇరవై ఎనిమిదేళ్ళుగా నిద్ర సరిగ్గా లేదు.”

మౌని నోట అంత పొడుగు మాట మేస్త్రి ఎప్పుడూ వినలేదు.

“తెలిస్తే వస్తావా?”

“నీకు తెలుసా?”

“తెలుసు.”

మౌని అతన్ని కాసేపు తేరిపార చూశాడు. “నా చెవిలో చెప్పొద్దు. వాడి ముందు చెప్పు. వాడి ఇంట్లో.”

మర్నాడు మధ్యాహ్నం మౌని ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. మేస్త్రి స్టూలు మీద కూర్చుని పట్టీలు కడుతుంటే, పద్ధతి ప్రకారం పక్కన నిలబడి చూశాడు. అక్క అన్నం కంచంతో గుమ్మంలో నిలబడింది. బావ తలెత్తి కొత్తమనిషిని ఎగాదిగా చూశాడు.

“మీరు మౌని తరఫు మనిషా?”

మౌని తలూపాడు. “ఊఁ.”

“చూశావురా బామ్మర్దీ, వాడి దగ్గర తిరిగేవాళ్ళకి కూడా అదే రోగం.”

మౌని జేబులోంచి పెన్ను తీశాడు గానీ మూత తియ్యలేదు. మేస్త్రి వైపు చూస్తూ నిలబడ్డాడు. కంచం వైపు చూసి, బావ మెడ కింద గుంటల వైపు చూసి, మేస్త్రి టేపు చుట్ట ఒళ్ళో పెట్టుకున్నాడు.

“బావా, ఆ పోటీ జరగలేదు. ఇక జరగదు. అప్పుడు నీ చెయ్యి విరగలేదు. నేనే బిగించి కట్టి వాచేట్టు చేశాను.”

“ఎవడు?”

“నేనే బావా. కట్టిన చెయ్యే మళ్ళీ చాపావు, మూడు రోజులు. నీ తల బాగాలేదని తెలిసింది. మౌనితో ఆడితే పోతావని భయపడ్డాను. తల అని చెప్పడానికి నోరు రాక చెయ్యి అన్నాను.”

ఒక్కోసారి, నెలకో రెణ్ణెల్లకో, బావ కళ్ళలోకి పాత మనిషి వచ్చి నిలబడేవాడు. అప్పుడు వచ్చాడు.

“మీ అక్కకి చెప్పావా?”

“లేదు.”

“నాకు చెప్పావా?”

“లేదు బావా.”

“తల పోతోందని తెలిసీ ఇంకో పదకొండుసార్లు నాకు పట్టీలు కట్టి పంపించావు.”

“అవును.”

అక్క కంచం కింద పెట్టేసింది. “ఆ పదకొండింటికీ నేను ముందు వరసలో కూర్చున్నానురా,” అంది. గొంతు పెంచలేదు. “బెల్లు కొట్టినప్పుడల్లా ఈయన్ని కాదు, నిన్నే చూసేదాన్ని. ఏం పర్లేదా అని సైగ చేసేదాన్ని. ఏం పర్లేదని తలూపేవాడివి.”

“అక్కా…”

“నన్నలా పిలవకు.”

“అయితే భయపడలేదన్నమాట,” అన్నాడు మౌని, ఎవరితోనూ కాకుండా. గోడకు చేరబడ్డాడు. తెలుసుకుంటే గుండె తేలికవుతుందని ఇన్నేళ్ళు అనుకున్నాడేమో, ఆ మొహం చూస్తే తేలికైనట్టు లేదు. పెన్ను జేబులో పెట్టుకుని, అక్కకు దణ్ణం పెట్టి, మెట్లు దిగిపోయాడు. మళ్ళీ రాలేదు.

బావ తన పట్టీలకేసి చూసుకున్నాడు. “అయితే బరువు తూచక్కర్లేదా?”

“అక్కర్లేదు బావా.”

“అన్నం పెట్టవే.”

అక్క కింద పెట్టిన కంచం తీసి ముద్ద కలిపింది. బావ తిన్నాడు. దవడలో దాచలేదు, మింగాడు. ఆరో ముద్ద నోట్లో ఉండగా మేస్త్రి వైపు వేలు చూపించాడు.

“ఒరేయ్, సాయంత్రానికి నేనిది మర్చిపోతాను కదా?”

“మర్చిపోతావు.”

“అంటే నువ్వు తప్పించుకుంటావు. అలా కుదరదు. రేపు మళ్ళీ చెప్పు. ఎల్లుండి మళ్ళీ చెప్పు. రోజూ నాకు తెలియాలి.”

ఆ రోజు నుంచి మేస్త్రి సెలూన్‌కి వెళ్ళడం మానేశాడు. రోజూ మధ్యాహ్నం మూడో అంతస్తుకు ఎక్కి, బావ ఎదుట కూర్చుని, పట్టీలు కట్టి, కట్టాక అదంతా మొదటినుంచీ చెప్పేవాడు. చేర్చడానికి గొడుగులు లేవు, సైకిళ్ళు లేవు. బావకు రోజూ అది కొత్త సంగతే. ఒకరోజు చెంప మీద కొట్టాడు. చేతిలో బలం లేదు, గాజుగుడ్డ గరుకు మాత్రం తగిలింది. ఒకరోజు కుమిలి కుమిలి ఏడ్చాడు. ఒకరోజు “మంచిపని చేశావురా, వాడు నన్ను చంపేసేవాడు” అని భుజం తట్టాడు. ఆ రోజు మేస్త్రి మెట్లు కుర్రాడిలా దిగాడు. మర్నాడు బావ అతని మొహాన ఉమ్మేశాడు. ఏం చేసినా, చేశాక అన్నం తినేవాడు. ఆస్పత్రిలో యాభై మూడు తూగాడు, తరవాత యాభై నాలుగు. అక్క తలుపు తీసేది, అటు తిరిగి వంటింట్లోకి వెళ్ళిపోయేది. ఒక్క మాట లేదు.

ఆ తరవాత మేస్త్రికి జ్వరం తగిలి మూడు రోజులు మంచం దిగలేదు. నాలుగోనాడు గోడ పట్టుకుని మెట్లెక్కాడు. తలుపు తీసిన అక్క అటు తిరిగిపోలేదు.

“తిన్నాడా?” అన్నాడు మేస్త్రి.

“మూడు రోజులైంది.”

“నువ్వు చెప్పలేదా మరి?”

“చెప్పాను. నువ్వు చెప్పినట్టే, ఒక్క ముక్క పొల్లుపోకుండా చెప్పాను.” అక్క తలుపు పట్టుకుని నిలబడింది. ఆవిడ కళ్ళు లోతుకు పోయి ఉన్నాయి. “నమ్మలేదు. నా బామ్మర్దిని పట్టుకుని అంతమాటంటావా, వాడు నాకలా చేసే రకం కాదు అని నన్ను గదిలోంచి పొమ్మన్నారు.”

లోపల మంచం అంచున బావ కూర్చుని ఉన్నాడు. మూడు రోజుల్లో బుగ్గలు మళ్ళీ లోపలికి పోయాయి.

“వచ్చావా బామ్మర్దీ. మీ అక్క నీ మీద ఏదేదో కల్పించి చెబుతోందిరా. నేను గట్టిగా చివాట్లు పెట్టానులే.”

మేస్త్రి చెప్పులు విడిచి, స్టూలు లాక్కుని, ఎదురుగా కూర్చున్నాడు.

“కల్పించలేదు బావా,” అన్నాడు.